పెద్దావిడ పళ్ళ పెట్టె

కట్టుడు పళ్ళు ఎక్కడ తయారవుతాయో మీలో ఎవరికైనా తెలుసా? తెలియకపోయినా సిగ్గుపడక్కర్లేదు. మా అక్కకి పెళ్ళయ్యేదాకా నాకూ తెలియదు. పళ్ళ డాక్టరే వెనక గదిలో కూర్చుని చేసి ఇస్తాడనుకునేవాణ్ణి. కాదండీ. డాక్టరు మన నోట్లో గులాబీ రంగు ముద్ద ఒకటి కుక్కుతాడు. అది గట్టిపడ్డాక ఊడబెరికి, మన నోటి గుర్తుతో సహా డబ్బాలో పెట్టి మా బావలాంటి వాడికి పంపిస్తాడు. మా బావ అందులో ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తాడు. ఆ అచ్చు మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ వరసలో గుచ్చుతాడు.

వీధి మలుపులో, మందుల షాపు పక్కన వాళ్ళ వర్క్‌షాపు. కింద పని, పైన కాపురం. బోర్డు మీద నవ్వుతున్న నోరొక్కటే ఉంటుంది, దాని చుట్టూ మొహం ఉండదు. ఆ బోర్డు చూసి ఒకప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు అటువైపు తలెత్తను.

ఇప్పుడే భోంచేసి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వెనక్కి సర్దుకోండి. ఇది దెయ్యం కథే గానీ, ఇందులో భయం కన్నా రోత ఎక్కువ. భయం తెల్లారితే పోతుంది. రోత అలా కాదు, కంచం ముందు కూర్చున్నప్పుడల్లా వచ్చి మన పక్కనే కూర్చుంటుంది.

నా పని చిన్న చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడం. ఏ మిషను ముట్టుకున్నా ముందు రెండు చేతులూ జోడించి, "తండ్రీ, చేసేది నువ్వు, చెయ్యి మాత్రం నాది" అనుకుంటాను. మా బావకి అదొక వేడుక. "మా బావమరిది దగ్గర రెండే వైద్యాలు. ఒకటి దండం, రెండోది ఆపి మళ్ళీ వెయ్యడం" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. ఎంత వెటకారం చేసినా మనిషి వెన్న. నోట్లో వేలు పెట్టినా కొరకడు.

కొరికేది మా అక్క. చిన్నప్పుడు నా చేతి మీద ఎప్పుడూ దాని పళ్ళ గుర్తు ఒకటి ఉండేది. ఎడమ పక్క కోరపన్ను కాస్త పక్కకి తిరిగి ఉంటుంది దానికి. గుండ్రంగా పడిన గుర్తులో ఆ ఒక్కచోట చిన్న కొక్కెంలా గాటు పడేది. నేను తప్పించుకుని వెళ్ళి చూపిస్తే, అమ్మ ఆ కొక్కెం చూసి ఇంకేమీ అడక్కుండా అక్క వీపు విమానం మోత మోగించేది. ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ ముత్యాలే. వర్క్‌షాపుకి అసలైన బోర్డు మా అక్క నోరే. వచ్చినవాళ్ళు పళ్ళ రంగు ఎంచుకునే కార్డు పక్కన పడేసి, "మీ పళ్ళలాంటివి చేయించండమ్మా" అనేవాళ్ళు. అక్క కౌంటర్ దగ్గర కూర్చుని నోరారా నవ్వేది. ఆ నవ్వు చూసే మా బావ పడిపోయాడు, ఆ నవ్వు చూసే సగం మంది బేరమాడడం మర్చిపోయేవారు.

ఆ రోజు సెలవు. మధ్యాహ్నమే గానీ, మబ్బు మూసుకుని సాయంత్రంలా ఉంది. వాన పడుతోంది. అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఫైలు తెరుచుకుంటోంది గానీ రాయనివ్వడం లేదురా. చదువుకో, చేత్తో ముట్టుకోకు అంటోంది. రేపు పొద్దున్నే డాక్టర్లందరికీ పని పంపాలి. రా, నీకు పుణ్యముంటుంది."

"ఆపి మళ్ళీ వేశారా?"

వెనక నుంచి బావ గొంతు: "ఆ వైద్యం మేమే చేసేశాం. ఇక దండం ఒక్కటే మిగిలింది. దాని కోసమే పిలుస్తున్నాం."

వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది, వంగి లోపలికి దూరాను. ఆ వర్క్‌షాపు వాసన మీకు చెప్పాలి. తడిసిన ప్లాస్టర్, కరిగిన మైనం, వీటన్నిటి అడుగున ఎవరిదో నోటి వాసన. పొద్దున లేవగానే ఉండే నోటి వాసన. ఎంత కడిగినా డాక్టర్ల దగ్గర్నుంచి వచ్చే గుర్తులతో అది వస్తూనే ఉంటుంది. మామూలుగా వాకిట్లో రెండు నిమిషాలుంటే అలవాటైపోతుంది. ఆ రోజు అలవాటు కాలేదు. లోపలికి వెళ్ళేకొద్దీ అది చిక్కబడింది... ఎవరో నా మొహం మీద మొహం పెట్టి ఊపిరి వదులుతున్నట్టు.

"ఎలుక చచ్చిందా బావా?"

"ఎలుక నోరు ఇంత కంపు కొట్టదురా" అన్నాడు బావ. నవ్వలేదు.

వాళ్ళ పని ఎలా సాగుతుందో రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాత మీరు తికమక పడకూడదు. ఒక్కో పేషెంటుకి ఒక నంబరు. గోడకున్న అరల్లో అదే నంబరుతో ఒక ప్లాస్టిక్ పెట్టె. పెట్టెలో ఆ మనిషి నోటి అచ్చు, తయారవుతున్న పళ్ళు ఉంటాయి. ఆ నంబరుకి సంబంధించిన సంగతులన్నీ కంప్యూటర్ ఫైల్లో ఉంటాయి. ఫైలు ఉండేది మెట్ల కింద గదిలోని సర్వర్‌లో. దాన్ని మూడు కంప్యూటర్లు పంచుకుంటాయి. ఒకటి కౌంటర్ దగ్గర అక్కది, ఒకటి బావ బల్ల దగ్గరిది, మూడోది ట్రయల్ గదిలో. పళ్ళు పూర్తిగా గట్టిపరచక ముందు పేషెంటుని పిలిచి, నోట్లో పెట్టి, అద్దంలో చూపించే గది అది.

ఫైలు రాయనివ్వకపోవడానికి కారణాలు కొన్నే ఉంటాయి. దండం పెట్టుకుని సర్వర్ ముందు కూర్చున్నాను. ఫైలు మీద 'చదవడానికి మాత్రమే' అన్న టిక్కు ఎవరైనా పెట్టారేమో చూశాను, లేదు. ఫోల్డర్‌లో రాసే హక్కు పోయిందేమో చూశాను, ముగ్గురికీ ఉంది. డిస్కు నిండలేదు. ఇక మిగిలింది ఒక్కటే.

"ఎవరో ముందే తెరిచి, తలుపు వేసుకుని లోపల కూర్చున్నారు" అన్నాను.

అలాంటప్పుడు అసలు ఫైలు పక్కన చిన్న లాక్ ఫైలు ఒకటి పుడుతుంది. లోపలున్నవాళ్ళు బయటికి వస్తే దానంతటదే పోతుంది. వాళ్ళు ఉన్నంతసేపూ మిగతావాళ్ళం కిటికీలోంచి తొంగి చూడాల్సిందే. చదవగలం. రాసేది వాళ్ళొక్కరే.

లాక్ ఫైలు అక్కడే ఉంది. చెరపబోయాను. వాడుకలో ఉంది, కుదరదంది. తెరిచి చూస్తే ట్రయల్ గది కంప్యూటర్ పేరు కనిపించింది.

"అక్కా, ట్రయల్ గదిలో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటార్రా సెలవు పూట? నిన్న సాయంత్రం నేనే తాళం వేశాను. తాళంచెవి ఇదిగో, నా నడుం దగ్గరే ఉంది."

"నిన్న మిషను ఆపకుండా వచ్చేసి ఉంటావు" అన్నాడు బావ.

"అవును మరి, అన్నిటికీ నేనే. మీరు మాత్రం రోజూ దీపం ఆర్పినట్టు ఆర్పేసి వస్తారు!"

మొగుడూ పెళ్ళాల పంచాయితీలో వేలు పెట్టకూడదని నేను సర్వర్ మీద నుంచే ఆ గది కనెక్షన్ తెంపేశాను. లాక్ ఫైలు మాయమైంది. "చూశావా బావా, దండం మహిమ" అనబోయి నోరు తెరిచాను.

లాక్ ఫైలు మళ్ళీ వచ్చింది.

కంప్యూటర్ తనంతట తాను మళ్ళీ తగులుకుంటుంది ఒక్కోసారి. మళ్ళీ తెంపాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి తెంపినప్పుడు... నా చెయ్యి మౌస్ మీద నుంచి లేవకముందే వచ్చింది. మొండి పిల్లాడి చేతిలోంచి బొమ్మ లాక్కుంటే వాడు తిరిగి ఎలా లాక్కుంటాడో, అలా.

అప్పుడే కౌంటర్ దగ్గర్నుంచి అక్క పిలిచింది. గట్టిగా కాదు.

"ఏవండీ... ఒరేయ్... ఇటు రండి. ఎవరో రాస్తున్నారు."

వెళ్ళి చూశాం. అక్క స్క్రీన్ మీద ఒక రికార్డు తెరిచి ఉంది. పేరు దగ్గర అక్క పేరే. ఆ మధ్య దానికి కుడి పక్క దవడపన్ను ఒకటి విరిగితే, బావ దాని మీద తొడిగే క్యాపు చెయ్యడానికి నోటి అచ్చు తీశాడు. అందుకని తనూ ఒక పేషెంటై ఫైల్లోకి ఎక్కింది. పేరు కింద పైవరస, కిందివరస పళ్ళ బొమ్మ. పని పూర్తై మనిషి చేతికి వెళ్ళిన పన్ను మీద 'అందింది' అని పడుతుంది. అది వాళ్ళ పద్ధతి.

చిట్టచివరి దవడపన్ను మీద 'అందింది' అని ఉంది.

"ఇందాక ఇది లేదు" అంది అక్క.

మేం చూస్తూ ఉండగానే దాని పక్క పన్ను మీద కూడా పడింది. అందింది.

"నువ్వేమైనా నొక్కావా?"

"నన్ను రాయనిస్తేగా!" అంటూ అక్క ఆగిపోయింది. చెయ్యి చెంప మీదకి వెళ్ళింది. లోపల నాలుక ఒక పక్కకి నెట్టుకుంటూ వెళ్ళడం బయటికే కనిపించింది. "ఏవండీ... ఇక్కడ పళ్ళు లేవు."

బావ పని దీపం తెచ్చి నోరు తెరిపించాడు. నేనూ చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. నెత్తురు లేదు. గాయం లేదు. పన్ను ఊడితే గుంట ఉండాలి కదా, గుంట కూడా లేదు. అక్కడ చిగురు మూసుకుపోయి, నున్నగా, నీలం తిరిగిన గులాబీ రంగులో, పసిపిల్లల చిగురులాగా కాదు, ఏళ్ళ తరబడి పన్నెరగని ముసలి చిగురులాగా ఉంది. దాని మీద చిక్కటి జొల్లు పూత. ఎప్పుడూ లవంగం నమిలే మా అక్క నోట్లోంచి రాత్రంతా గ్లాసులో నానిన కట్టుడు పళ్ళ నీళ్ళ వాసన వచ్చింది.

బావ దీపం పక్కన పెట్టి స్క్రీన్ వైపు తిరిగాడు. ఆయన పేరు చూడలేదు, పళ్ళు చూడలేదు. నంబరు చూశాడు.

"ఇది పెద్దావిడ నంబరు కదే" అన్నాడు మెల్లగా.

అక్క అరల్లో ఆ పెట్టె వైపు చూసింది.

పెద్దావిడ గురించి నేనూ విన్నాను. నోట్లో ఒక్క పన్నూ లేని మనిషి. పైవరస, కిందివరస పూర్తి సెట్టు చేయించుకోవడానికి ఆ ట్రయల్ గదికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ప్రతిసారీ సెట్టు నోట్లో పెట్టుకుని, చప్పరించి, అద్దంలో చూసుకుని, బావ అరచేతిలోకి జొల్లుతో సహా తుపుక్కున ఉమ్మేసేది. "ఇవి నావి కావు" అనేది. బావ మళ్ళీ మైనం కరిగించి మొదట్నుంచీ మొదలెట్టేవాడు. చివరికి ఒక సెట్టు కుదిరింది. తీసుకెళ్ళడానికి ఆవిడ రాలేదు. పోయిందని కబురొచ్చింది. ఆ సెట్టు కోసం ఎవరూ రాలేదు.

"పెట్టెలన్నీ నిండిపోయాయండీ" అంది అక్క. అప్పటికే మాట కాస్త జారుతోంది. "చచ్చిపోయినావిడ పెట్టె ఎన్నాళ్ళని ఉంచను? సెట్టూ అచ్చులూ చెత్తలో వేసి, కడిగి, అందులో నా అచ్చు పెట్టాను. రికార్డులో ఆవిడ పేరు చెరిపి నా పేరు రాశాను. మామూలుగా చేసేదేగా!"

నిజమే, మామూలుగా చేసేదే. ఎవరైనా పోతే వాళ్ళ నంబరు, పెట్టె తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తారు. కొత్త నంబరు తీస్తే కొత్త పెట్టె కొనాలి, అరలో చోటు చూడాలి. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళెవరు?

బావ పెదాలు తడుపుకున్నాడు. "ఆ నంబరు ఆవిడది. అందులో ఇప్పుడు నీ పళ్ళున్నాయి. ఆవిడ తన పళ్ళు తీసుకెళ్తోందే."

బొమ్మలో ఇంకో పన్ను. అందింది. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి దారంలా జొల్లు కారింది.

చూడండి, నేను దేవుణ్ణి నమ్మినవాణ్ణి. అలాంటి చోట నాలాంటి వాడు ముందు ప్రార్థన చెయ్యాలి. చేశాను కూడా. కానీ ఆ తండ్రి నాకు ఆ క్షణాన ఇచ్చింది మంత్రం కాదు, నా పనే. రోజూ ఆ ఫైలుకి ఒక కాపీ పక్కన దాచేలా నేనే ఏర్పాటు చేశాను. అక్క చెరపకముందు నాటి కాపీలో పెద్దావిడ పేరుంది. దాన్ని తెచ్చి ఆ నంబరులో తిరిగి పెట్టి, అక్కకి వేరే నంబరు ఇస్తే చాలు. అంతే పని. కానీ రాయాలంటే ఫైలు మా చేతికి రావాలి. లోపల కూర్చున్నవాళ్ళు బయటికి రావాలి. ఇక్కడ నుంచి తెంపితే అక్కడ నుంచి మళ్ళీ తగులుకుంటున్నారు. కాబట్టి ట్రయల్ గదిలో కేబుల్ ఊడబెరికి, వెంటనే వచ్చి సర్వర్‌లో తెంపాలి.

"తాళంచెవి ఇవ్వు" అన్నాను.

అక్క ఇచ్చింది. ఏదో అంది. నాకు అర్థం కాలేదు. కిందివరస మొత్తం పోయింది అప్పటికి.

ట్రయల్ గది తలుపు ముందు నేను, బావ. లోపల దీపం లేదు. తలుపు కింద సందులోంచి స్క్రీన్ వెలుతురు నీలంగా పాకుతోంది. వాన చప్పుడు ఇక్కడికి వినిపించదు. ఇంకొకటి వినిపించింది.

చప్... చప్... చప్...

పళ్ళు లేనివాళ్ళు మెత్తటిది ఏదైనా నోట్లో వేసుకుని రెండు చిగుళ్ళ మధ్యా నలుపుతారు చూడండి, ఆ చప్పుడు. మధ్యలో ఒక పీల్పు. మళ్ళీ చప్... చప్.

బావ నా చెవిలో అన్నాడు. "నువ్వు లాగు. నేను తలుపు పట్టుకుంటా."

"నువ్వు రావా?"

"నేను ఆవిడకి చాలా పళ్ళు పెట్టానురా. నన్ను గుర్తుపడుతుంది."

తాళం తీశాను. చప్పుడు ఆగింది.

గదిలో ఎవరూ లేరు. కుర్చీ, గోడకి పెద్ద అద్దం, మూల పుక్కిలించే సింకు, బల్ల మీద కంప్యూటర్. స్క్రీన్ మీద మా అక్క పళ్ళ బొమ్మ. ఆ గదిలో ఊపిరి పీల్చడం అంటే ఎవరి నోట్లోంచో ఊపిరి తీసుకున్నట్టే. వెచ్చగా, పులిసిపోయి, తియ్యగా ఉంది గాలి. బల్ల దగ్గరికి వెళ్ళాను. కీబోర్డు మెరుస్తోంది. ముందు నీళ్ళు ఒలికాయనుకున్నాను. కావు. జొల్లు. కీల మధ్య సందులన్నీ నిండి, అంచు దాటి, బల్ల మీదకి తీగలు తీగలుగా సాగుతోంది. కొన్ని కీల మీద అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి, ఎవరో చాలాసేపు చప్పరించినట్టు. అప్పుడర్థమైంది నాకు. రాసింది వేళ్ళతో కాదు.

నామం అనుకుందామని నోరు తెరిచాను. నోటి నిండా ఊట. నాది కాదు, నా నోట్లో అంత చిక్కటిది ఊరదు. మింగలేక, ఉమ్మలేక, పెదాలు బిగించి మోకాళ్ళ మీద కూర్చున్నాను. కేబుల్ బల్ల కింద గోడకి ఉంటుంది. చీకటి. చెయ్యి లోపలికి పెట్టాను. గోడ తడిగా ఉంది. తీగ దొరికింది. దాని వెంట వేళ్ళు పాకించుకుంటూ సాకెట్ దాకా వెళ్ళాను. అక్కడ మెత్తగా తగిలింది.

గోడ మెత్తగా ఉండదు.

వేళ్ళు ఇంకా లోపలికి వెళ్ళాయి. వెచ్చగా ఉంది. తడిగా ఉంది. పైనా కిందా నున్నటి గట్లు. వాటి మధ్య ఏదో కదిలి నా అరచేతిని ఒకసారి నాకింది.

మూసుకుంది.

మణికట్టు దాకా పట్టుకుంది. నొప్పి లేదు మొదట... చిగుళ్ళు. మెత్తటి చిగుళ్ళతో నలుపుతోంది. చప్... చప్... తర్వాత ఆ మెత్తదనంలో అక్కడక్కడ గట్టిగా తగిలాయి. పళ్ళు. కొన్నే. కొత్తగా మొలిచినట్టు, ఎలా వాడాలో ఇంకా తెలియనట్టు కదులుతున్నాయి. కిందివరస.

అప్పుడు కొరికింది.

నేను అరిచానని బావ అంటాడు. నాకు తెలియదు. వేళ్ళ మధ్య తీగ ఉందన్నది ఒక్కటే తెలుసు. తండ్రీ, చేసేది నువ్వు, చెయ్యి మాత్రం నాది... ఆ చెయ్యి నాకు మిగల్చు. అంతే అనుకున్నాను. మొత్తం ఒంటితో వెనక్కి పడ్డాను. తీగ వచ్చింది. చెయ్యి వచ్చింది. పీకేటప్పుడు బురదలోంచి కాలు లాగినట్టు చప్పుడైంది. బావ నన్ను కాలర్ పట్టి బయటికి ఈడ్చి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"పో! పోరా!"

పరుగెత్తాను. సర్వర్ ముందు కూలబడి కనెక్షన్ తెంపాను. లాక్ ఫైలు పోయింది. చూశాను. రాలేదు. ఇంకా చూశాను. రాలేదు. వెనక బావ ఒకటే మాట అంటున్నాడు, "తలుపుని నాకుతోందిరా... లోపల్నుంచి నాకుతోంది..." ఫైలు తెరిచాను. రాయనిచ్చింది. కాపీలోంచి పెద్దావిడ పేరు తెచ్చి ఆమె నంబరులో పెట్టాను. మా అక్క పేరుని కొత్త నంబరుకి మార్చాను. భద్రపరిచాను. కీబోర్డు మీద నా చేతి నుంచి జొల్లు కారుతోంది.

తలుపు అవతల చప్పుడు ఆగిపోయింది.

నేను తీగ లాగే ఆ కాస్త సేపట్లోనే పైవరస కూడా పోయింది. మా అక్కకి మిగిలినవి అందులో ముందు రెండు పళ్ళు. దేవుడి దయ, ప్రాణం మిగిలింది. అక్క అద్దంలో చూసుకుని, చేత్తో నోరు మూసుకుని ఏడ్చింది. మా అక్క నోరు మూసుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడ్డం.

బావ నా చెయ్యి పట్టుకుని దీపం కింద పెట్టాడు. మణికట్టు చుట్టూ గాటు. పై సగం ఎర్రగా కమిలింది, అంతే. కింద సగం పళ్ళు దిగాయి. ఎంత లోతుగా దిగాయో కాదు ఆయన చూసింది. ఒకచోట వేలు పెట్టాడు. ఆ చోట చర్మం చిన్న కొక్కెంలా చిరిగి ఉంది.

ఆ కొక్కెం నాకు ఆయన కన్నా ముందు నుంచే తెలుసు.

మర్నాడు వెలుతురులో ట్రయల్ గది తెరిస్తే ఏమీ లేదు. సాకెట్ మామూలు సాకెట్. సింకు మాత్రం జొల్లుతో నిండి ఉంది. బావ దాన్నీ, అక్క అచ్చు బయటికి తీసి పెద్దావిడ పెట్టెనీ కడిగాడు, నేను బయట వాంతి చేసుకున్నాను. పళ్ళ డాక్టరు అక్క నోరు చూసి, "ఇవి పోయి చాలా ఏళ్ళయిందే, ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారమ్మా?" అన్నాడట.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. లేచి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇప్పుడే లేవండి, నేనేమీ అనుకోను.

మిగిలిన ఆ రెండూ కదులుతుంటే డాక్టరే తీసేశాడు. బావ తన చేతులతో అక్కకి పూర్తి సెట్టు చేశాడు. క్యాపు కోసం తీసిన అచ్చు ఉంది కదా, దాన్ని చూసి పన్ను పన్నూ అలాగే దించాడు. కోరపన్ను కూడా పక్కకి తిప్పే పెట్టాడు. పెట్టుకుని అక్క నవ్వితే, నిజం చెబుతున్నాను, నా కళ్ళు చెమర్చాయి. మా అక్క తిరిగొచ్చింది. ఆ సంతోషంలో అరల వైపు చూశాను.

"బావా, ఆ సెట్టు ఏ పెట్టెలో పెట్టి చేశావు?"

"అదిగో అందులో. కడిగి ఖాళీగా ఉంది కదా అని..." చెబుతూనే ఆయన మొహం పాలిపోయింది. ఆ పెట్టె మీదున్న నంబరు నేను చూడక్కర్లేకపోయింది.

చెయ్యి చేసే పని అలాంటిది మరి. ఖాళీ పెట్టె కనిపిస్తే ఆ చెయ్యి అందులోనే పెడుతుంది. ఇన్నేళ్ళ అలవాటు.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. తర్వాత ఒక పొద్దున అక్క నన్ను పిలిచి గ్లాసు చూపించింది. రాత్రి పడుకునే ముందు పళ్ళు తీసి, బ్రష్షు పెట్టి తోమి, శుభ్రమైన నీళ్ళలో వేసింది. ఆ నీళ్ళు ఇప్పుడు మడ్డిగా ఉన్నాయి. పైన నురగ తేలుతోంది. పళ్ళ మధ్య ఏదో ఇరుక్కుని ఉంది. బావ పట్టకారుతో లాగితే పీచులా సాగుతూ వచ్చింది. మాంసం పీచు. మా అక్క పుట్టిన దగ్గర్నుంచి మాంసం ముట్టలేదు.

"పగలు నేను తింటున్నాను. రాత్రి ఎవరు తింటున్నార్రా వీటితో?" అంది అక్క. "ఏం తింటున్నారు?"

కొత్త సెట్టు చేసి కొత్త పెట్టెలో పెడతానన్నాడు బావ. అక్క అచ్చు వెతికితే అరలో దొరకలేదు. నేను ఆ నంబరు సంగతి తేల్చేద్దామని సర్వర్ ముందు కూర్చుని, దండం పెట్టుకుని, ఫైలు తెరిచాను. తెరుచుకుంది. చదవడానికి మాత్రమే.

ఇవాళ మధ్యాహ్నం నేను మీ దగ్గరికి బయలుదేరుతుంటే బావ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మీ అక్క మొండికేసిందిరా. ఇక తియ్యను, నా పళ్ళు నా నోట్లోనే ఉంటాయి, ఎవరొచ్చి తీసుకెళ్తారో చూస్తాను అంది. పెట్టుకునే పడుకుంది."

"నిద్రపోయిందా?"

"ఇప్పుడే. పక్కనే కూర్చున్నాను. నోరు మూసుకునే ఉంది." ఉన్నట్టుండి విసుక్కున్నాడు. "ఒరేయ్, నేను ఇంత భయంలో ఉంటే నువ్వు ఫోన్లో ఏం తింటున్నావురా? ఆ చప్పరింపు ఆపు."

"నేనేం తినడం లేదు బావా" అన్నాను.

ఇద్దరం విన్నాం.